బసంతర్ ఒడ్డున ఒరిగిన వీరుడు అరుణ్ ఖేతర్‌పాల్

ఏటా డిసెంబరు 16న దేశమంతటా విజయ దినోత్సవం జరుగుతుంది. 1971లో ఆ రోజు సాయంత్రం ఢాకాలో పాకిస్తాన్ సైన్యం మన సైన్యానికి లొంగిపోయింది. లొంగుబాటు పత్రం మీద సంతకాలు పడటానికి కొన్ని గంటల ముందు, అక్కడికి ఎంతో దూరాన, పడమటి సరిహద్దులో ఒక కుర్ర అధికారి మండుతున్న ట్యాంకులో ప్రాణాలు విడిచాడు. అతడే సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్. అప్పటికి అతడి వయసు 21 ఏళ్ల 2 నెలలు. సైన్యంలో అధికారిగా చేరి ఆరు నెలల మూడు రోజులే అయింది.

అరుణ్ 1950 అక్టోబరు 14న పుణెలో పుట్టాడు. వారిది సైనికుల ఇల్లు. తాత మొదటి ప్రపంచ యుద్ధం నాటి సిపాయి. తండ్రి మదన్‌లాల్ ఖేతర్‌పాల్ సైన్యంలో ఇంజనీరింగు విభాగంలో పనిచేసి బ్రిగేడియరుగా రిటైరయ్యారు. వారి సొంత ఊరు సర్గోధా. దేశ విభజనలో అది పాకిస్తాన్‌లోకి పోయింది. కుటుంబం ఇటు వచ్చేసింది. ఈ సర్గోధా సంగతి మళ్లీ చెప్పుకోవలసి వస్తుంది.

సనావర్‌లోని లారెన్స్ స్కూలులో చదువు ముగించుకుని 1967లో అరుణ్ ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరాడు. అక్కడి నుంచి డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీకి వెళ్లి, 1971 జూన్ 13న 17వ పూనా హార్స్ రెజిమెంటులో అధికారి అయ్యాడు. పేరులో గుర్రం ఉన్నా అది ట్యాంకుల దళం. ఆ దళంతో మన ప్రాంతానికీ కొంత అనుబంధం ఉంది. 1965 యుద్ధంలో దానికి నాయకత్వం వహించి ప్రాణాలర్పించిన లెఫ్టినెంట్ కల్నల్ ఎ.బి. తారాపూర్ అంతకు ముందు హైదరాబాదు నిజాం సైన్యంలో పనిచేసినవారే. ఆయనకు పరమవీర చక్ర వచ్చింది. అటువంటి దళంలో కొత్తగా చేరిన కుర్రవాడికి ఎంత బరువు ఉంటుందో ఊహించుకోవచ్చు.

డిసెంబరు 3న యుద్ధం వచ్చిపడే నాటికి అరుణ్ అహ్మద్‌నగర్‌లో శిక్షణ పొందుతున్నాడు. శిక్షణ మధ్యలోనే యుద్ధరంగానికి రమ్మని పిలుపు వచ్చింది. దారిలో ఢిల్లీలో ఇంటికి వెళ్లి అమ్మానాన్నలకు కనిపించాడు. సామానులో గోల్ఫ్ కర్రలు, విందుకు వేసుకునే దుస్తులు సర్దుకున్నాడట. గెలిచాక లాహోరులో గోల్ఫ్ ఆడాలని, విందులో కూర్చోవాలని అతడి సరదా. వెళ్లే ముందు తల్లి మహేశ్వరి, పిరికివాడిగా మాత్రం తిరిగి రావద్దని కొడుకుకు చెప్పి పంపారని అంటారు. ఏ తల్లికైనా అది తేలిగ్గా నోట వచ్చే మాట కాదు.

విశాఖపట్నం పెద్దవారికి ఆ రోజులు గుర్తుంటాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ రేవు ముంగిట మునిగింది అప్పుడే. తూర్పున మన సైన్యం ఢాకా వైపు సాగుతుండగా పడమట షకర్‌గఢ్ వద్ద పోరు ముదిరింది. పాకిస్తాన్ భూభాగం అక్కడ మన వైపుకు పొడుచుకు వచ్చినట్లు ఉంటుంది. పఠాన్‌కోట్ నుంచి జమ్మూకు పోయే రోడ్డు దానికి దగ్గర. ఆ రోడ్డు తెగితే కాశ్మీరుకు దారి లేదు. అందుకే మన సైన్యం ముందుగానే అటు చొచ్చుకుపోయింది.

డిసెంబరు 15 రాత్రి మన కాల్బలం బసంతర్ నది దాటి అవతలి ఒడ్డున కాలు మోపింది. చుట్టూ మందుపాతరలు. ఇంజనీర్లు వాటిని తొలగించే పని ఇంకా పూర్తి కాలేదు. ఇంతలో శత్రువు ట్యాంకులు కదులుతున్నాయని కబురు వచ్చింది. తెల్లవారే దాకా ఆగితే ముందున్న కాల్బలం చిక్కుల్లో పడుతుంది. లెఫ్టినెంట్ కల్నల్ హనూత్ సింగ్ నాయకత్వంలోని పూనా హార్స్ ట్యాంకులు మిగిలిన మందుపాతరల మధ్య నుంచే ముందుకు సాగాయి.

మరునాడు ఉదయం ఎనిమిది గంటల వేళ, పొగ తెర చాటున పాకిస్తాన్ ట్యాంకులు జర్పాల్ వద్ద మన మీద పడ్డాయి. వారివి అమెరికా పాటన్లు, మనవి బ్రిటన్ సెంచూరియన్లు. అక్కడున్న మన దళం తక్కువ కావడంతో సాయం కోరింది. అరుణ్ వేరే స్క్వాడ్రన్‌లో ఉన్నా, ఆ పిలుపు విని తన ట్యాంకులతో బయలుదేరాడు. దారిలో శత్రువుల ఫిరంగి స్థావరాలు అడ్డు తగిలితే వాటి మీదికే ట్యాంకులను నడిపించి, తుపాకులు చూపి సైనికులను పట్టుకున్నాడు. ఆ పోరులో అతడి వెంట వచ్చిన ఒక ట్యాంకు కమాండరు అక్కడే చనిపోయాడు.

శత్రువు మళ్లీ వచ్చాడు. ఎదురు నిలిచినవి మూడే మూడు ట్యాంకులు. ఆ పోరులో పది పాకిస్తాన్ ట్యాంకులు ధ్వంసమయ్యాయి. వాటిలో నాలుగు అరుణ్ కూల్చినవే. మన మూడింటిలో ఒకటి దెబ్బతిన్నది, మరొకటి పని చేయకుండా పోయింది. అరుణ్ ట్యాంకు పేరు ఫామగుస్తా. దానికీ గుండు తగిలి మంటలు లేచాయి. ట్యాంకు వదిలి బయటికి రమ్మని పై అధికారి వైర్‌లెస్‌లో ఆదేశించాడు. అరుణ్ ఒప్పుకోలేదు. తన ఫిరంగి ఇంకా పేలుతోందని, ఆ పని ముగించాకే వస్తానని జవాబిచ్చాడు. తాను పక్కకు తొలగితే శత్రువుకు దారి తెరుచుకుంటుందని అతడికి తెలుసు. మరో ట్యాంకును బహు దగ్గర నుంచి కొట్టాడు. ఆ వెంటనే రెండో గుండు వచ్చి తగిలింది. శత్రువు మాత్రం ఆ దారిన దాటలేకపోయాడు.

భౌతికకాయానికి సాంబా ప్రాంతంలో దహన సంస్కారం జరిగింది. ఇంటికి చేరినవి అస్థికలే. యుద్ధం ముగిసిందని, కొడుకు రేపో మాపో వస్తాడని ఎదురు చూస్తున్న ఢిల్లీ ఇంటికి వచ్చింది టెలిగ్రాం.

ప్రభుత్వం అరుణ్‌కు మరణానంతరం పరమవీర చక్ర ప్రకటించింది. అప్పుడు రాష్ట్రపతి తెలుగువారైన వి.వి. గిరి. అదే బసంతర్ పోరులో మేజర్ హోషియార్ సింగ్‌కు కూడా ఆ పతకం దక్కింది. 1999 కార్గిల్ యుద్ధం దాకా పరమవీర చక్ర పొందినవారిలో అరుణే అందరికన్నా చిన్నవాడు. ఖడక్‌వాస్లాలో కేడెట్లు కవాతు చేసే మైదానానికి అతడి పేరే పెట్టారు. 2023లో అండమాన్ దీవుల్లో ఒకదానికి కూడా ఆ పేరు వచ్చింది.

ఇక సర్గోధా సంగతి. 2001లో, ఎనభై దాటిన వయసులో, తండ్రి మదన్‌లాల్‌కు పుట్టిన ఊరు చూడాలనిపించింది. పాకిస్తాన్ వెళ్లారు. లాహోరులో బ్రిగేడియర్ ఖ్వాజా మహమ్మద్ నాసర్ అనే మాజీ సైనికుడు ఆయనను తన ఇంట ఉంచుకుని మర్యాదలు చేశాడు. ఇంటిల్లిపాదీ పెద్దాయనను సొంత మనిషిలా చూసుకున్నారు. ఎందుకింత ఆదరణ అని ఆయన అనుకుని ఉండవచ్చు. తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి, భోజనాలయ్యాక, నాసర్ అసలు సంగతి బయటపెట్టాడు. 1971లో తాను 13వ లాన్సర్స్ దళంలో మేజరునని, బసంతర్ వద్ద ఎదురెదురుగా నిలిచి అరుణ్ ట్యాంకును కొట్టింది తానేనని చెప్పాడు. చంపినవాడే ఆ కుర్రవాడి ధైర్యాన్ని తండ్రి ముందు కొనియాడాడు.

పెద్దాయనకు కాసేపు మాట రాలేదు. మూడు రోజులుగా తిన్నది ఆ చేతి అన్నమే. తానూ సైనికుడే కనుక, ఎదుటివాడు తన విధి చేశాడని ఆయనకు తెలుసు. తండ్రి మనసుకు అది ఏ మాత్రం సరిపోయిందో ఆయనకే తెలియాలి. కోపంగా ఒక్క మాట అనలేదు. మర్నాడు వీడ్కోలు తీసుకుని ఢిల్లీ తిరిగి వచ్చారు.