నార్మన్ సిరిల్ జాక్సన్

నార్మన్ సిరిల్ జాక్సన్ (1919 ఏప్రిల్ 8 - 1994 మార్చి 26) రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్సుకు చెందిన బాంబర్ విమానంలో ఫ్లైట్ ఇంజనీరుగా పనిచేసిన సైనికుడు. ఎగురుతున్న విమానపు రెక్క మీద చెలరేగిన మంటలను ఆర్పడానికి బయటకు వెళ్ళి, తీవ్రంగా గాయపడి, జర్మనీలో యుద్ధఖైదీ అయ్యాడు. ఈ సాహసానికి ఇతనికి విక్టోరియా క్రాస్ లభించింది. శత్రువు ఎదుట చూపిన పరాక్రమానికి బ్రిటన్ ఇచ్చే అత్యున్నత పురస్కారమిది.

బాల్యం, సైనిక జీవితం

జాక్సన్ పశ్చిమ లండన్‌లోని ఈలింగ్‌లో జన్మించాడు. శైశవంలోనే గంటర్ దంపతులు ఇతనిని దత్తత తీసుకొని పెంచారు. పెద్దయ్యాక ఫిట్టరుగా శిక్షణ పొందాడు. యుద్ధకాలంలో ఆ వృత్తిలోనివారికి సైన్యంలో చేరకుండా ఉండే వీలున్నప్పటికీ, 1939లో స్వచ్ఛందంగా చేరాడు. కొంతకాలం పశ్చిమ ఆఫ్రికాలోని ఫ్రీటౌన్‌లో సండర్లాండ్ విమానాల ఇంజన్లను చూసుకొని, 1943లో 106వ స్క్వాడ్రన్‌లో లాంకాస్టర్ బాంబరుకు ఫ్లైట్ ఇంజనీరు అయ్యాడు. ఏడుగురు ప్రయాణించే ఆ విమానంలో ఇంజన్లను, ఇంధనాన్ని గమనిస్తూ ఉండటం ఇతని బాధ్యత.

ష్వైన్‌ఫుర్ట్ దాడి

అప్పట్లో 30 దాడులు పూర్తిచేసినవారికి విశ్రాంతి ఇచ్చేవారు. జాక్సన్ ఒకసారి వేరే బృందంతో వెళ్ళినందువలన, తన లెక్క పూర్తయ్యేసరికి తోటివారికి ఇంకొక దాడి మిగిలింది. వారితోపాటే ముగించాలని ఇతను 31వ సారి బయలుదేరాడు. అప్పటికే తనకు కొడుకు పుట్టాడన్న వార్త అందింది.

1944 ఏప్రిల్ 26 రాత్రి, బాల్‌బేరింగుల కర్మాగారాలున్న జర్మనీ పట్టణం ష్వైన్‌ఫుర్ట్‌పై బాంబులు వేసి తిరిగివస్తుండగా, సుమారు 20,000 అడుగుల ఎత్తున జర్మన్ యుద్ధవిమానం దాడిచేసింది. కుడి రెక్కపై పెట్రోలు ట్యాంకు వద్ద మంటలు లేచాయి. అప్పటికే గాయపడిన జాక్సన్, మంటలార్పే సిలిండరును కోటులో దోపుకొని, పైలట్ తలపైనున్న ద్వారం గుండా బయటకు ప్రాకాడు. అంతలో పారాచూట్ తెరుచుకొని విమానం లోపల పరచుకుపోయింది. సహచరులు దాని తాళ్ళను పట్టుకొని కొద్దికొద్దిగా వదిలారు. విమానం గంటకు 200 మైళ్ళ వేగంతో పోతుండగా ఇతను జారి రెక్కపై పడి, దాని అంచును పట్టుకున్నాడు. సిలిండరు చేజారింది. ముఖము, చేతులు కాలిపోయాయి. చివరకు పట్టుతప్పి, కాలుతున్న పారాచూట్‌తో నేలపై పడ్డాడు.

విమానం దక్కలేదు. మిగిలినవారిలో నలుగురు పారాచూట్లతో ప్రాణాలతో బయటపడ్డారు. పైలట్ ఫ్రెడ్ మిఫ్లిన్, వెనుక తుపాకీదారు మరణించారు.

యుద్ధఖైదీగా

చీలమండ విరిగి, ఒక కన్ను మూసుకుపోయి, చేతులు పనిచేయని స్థితిలో, తెల్లవారాక దగ్గరలోని గ్రామానికి ప్రాకుతూ వెళ్ళగా బందీ అయ్యాడు. పది నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. రెండవసారి చేసిన ప్రయత్నంలో తప్పించుకొని అమెరికా సేనలను చేరుకున్నాడు.

పురస్కారం, తరువాతి జీవితం

జాక్సన్ చేసిన పని, చెరనుండి విడుదలైన సహచరులు చెప్పిన తరువాతే అధికారులకు తెలిసింది. 1945 అక్టోబరు 26న పురస్కారం ప్రకటించారు. ప్రయత్నం ఫలించకపోయినా, విమానాన్నీ తోటివారినీ కాపాడటానికి తెలిసి తెలిసి ప్రాణాలకు తెగించడమే దీనికి ఆధారం. నవంబరులో ఆరవ జార్జి రాజు చేతులమీదుగా దానిని స్వీకరించాడు.

యుద్ధానంతరం ఒక విస్కీ సంస్థలో విక్రయ ప్రతినిధిగా పనిచేశాడు. భార్య పేరు ఆల్మా. వీరికి ఏడుగురు సంతానం. కాలిన గుర్తులు చేతులపై జీవితాంతం నిలిచిపోయాయి. 1994లో మరణించిన జాక్సన్‌ను ట్వికెన్‌హామ్ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఇతని పతకం 2004లో జరిగిన వేలంలో రెండు లక్షల పౌండ్లకు పైగా పలికింది.