దగ్గితే రక్తం.. అయినా క్రూజ్ ఎక్కాడు! దారిలోనే పోతాడని కెప్టెన్ ఫిక్స్.. ట్రెజర్ ఐలాండ్ రచయిత లైఫ్‌లో ఏం జరిగింది?

1888 జూన్ 28. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో రేవు. కాస్కో అనే తెరచాపల పడవ పసిఫిక్ మహాసముద్రంలోకి బయలుదేరింది. దాన్ని అద్దెకు తీసుకున్న మనిషికి 37 ఏళ్లు. ఎముకల గూడులా ఉంటాడు. గట్టిగా దగ్గితే నోట్లోంచి రక్తం పడుతుంది. చేతిలో సిగరెట్ మాత్రం ఆరదు. ఈయన ప్రాణాలతో తిరిగి రాడని కెప్టెన్ ఓటిస్ డిసైడ్ అయిపోయాడట. దారిలో చనిపోతే శవాన్ని సముద్రంలో వదలడానికి కావాల్సిన ఏర్పాట్లు కూడా ముందే చేసుకున్నాడని చెబుతారు.

ఆ పేషెంట్ పేరు రాబర్ట్ లూయిస్ స్టీవెన్‌సన్. ట్రెజర్ ఐలాండ్ రాసింది ఈయనే. నండూరి రామమోహనరావు తెలుగులో కాంచన ద్వీపం పేరుతో అందించింది ఆ నవలనే. డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్ కూడా స్టీవెన్‌సన్‌దే. ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు అనే పాయింట్‌తో సినిమాలు ఎన్ని చూశామో లెక్కలేదు కదా.. వాటన్నిటికీ పెద్దన్న లాంటి కథ అది.

మరి ఇంత జబ్బుతో ఆయన సముద్రంలోకి ఎందుకు వెళ్లాడు? పొగరా? చావుకు తెగించడమా? రెండూ కాదు. దీని వెనక చాలా ఏళ్ల లెక్క ఉంది.

లైట్‌హౌస్‌ల ఇంటి పిల్లాడు

1850 నవంబర్ 13న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు స్టీవెన్‌సన్. తాత, తండ్రి ఇద్దరూ సముద్రంలో లైట్‌హౌస్‌లు కట్టే ఇంజినీర్లు. బెల్ రాక్ లైట్‌హౌస్ తాత కట్టిందే. ఓడలను కాపాడే ఇంట్లో పుట్టిన ఈ పిల్లాడికి ఊపిరి పీల్చడమే పెద్ద పని. చలికాలం వస్తే చాలు, దగ్గు, జ్వరం. రాత్రులు మంచం మీదే. పక్కన కూర్చుని కథలు చెప్పిన ఆయాని ఆయన చివరిదాకా మర్చిపోలేదు. పిల్లల కోసం రాసిన పద్యాల పుస్తకాన్ని ఆమెకే అంకితం ఇచ్చాడు.

ఇంజినీరింగ్ వదిలేశాడు. లా చదివాడు కానీ ప్రాక్టీస్ చేసింది పెద్దగా లేదు. రచన ఒక్కటే పట్టుకున్నాడు. ఫ్రాన్స్‌లో ఫ్యానీ ఆస్‌బోర్న్ అనే అమెరికన్ మహిళ పరిచయమైంది. ఆయన కంటే పదేళ్లు పెద్దది, పెళ్లయింది, పిల్లలున్నారు. ఆమె కాలిఫోర్నియాకి తిరిగి వెళ్లిపోతే, 1879లో ఇంట్లో చెప్పకుండా గ్లాస్గోలో ఓడ ఎక్కేశాడు. చేతిలో డబ్బుల్లేవు, ఒంట్లో బాగాలేదు. అమెరికా చేరాక ఆ ఖండం మొత్తం రైల్లో దాటి కాలిఫోర్నియాలో దాదాపు చచ్చి బతికాడు. 1880 మేలో ఇద్దరికీ పెళ్లైంది. ఆ రోజు నుంచి ఫ్యానీ భార్య మాత్రమే కాదు, ఫుల్ టైమ్ నర్సు కూడా.

డాక్టర్లు చెప్పిన ఊరల్లా తిరిగాడు

అప్పట్లో ఊపిరితిత్తుల జబ్బుకు మందు లేదు. టీబీ క్రిమిని కనిపెట్టిందే 1882లో. డాక్టర్లు రాసే ప్రిస్క్రిప్షన్ ఒక్కటే.. గాలి మార్పు. స్విట్జర్లాండ్‌లోని దావోస్ కొండలు, ఫ్రాన్స్ సముద్ర తీరం, ఇంగ్లండ్‌లోని బోర్న్‌మౌత్.. ఇలా చెప్పిన చోటికల్లా వెళ్లాడు. ఎక్కడికెళ్లినా మంచమే. రక్తం పడినప్పుడు మాట్లాడకూడదని ఆర్డర్. కాగితం మీద రాసి చూపించాలి. విచిత్రం ఏంటంటే ఆయనకు పేరు తెచ్చిన పుస్తకాల్లో చాలావరకు ఆ మంచం మీదే పుట్టాయి. ట్రెజర్ ఐలాండ్ 1883లో పుస్తకంగా వచ్చింది. జెకిల్ అండ్ హైడ్, కిడ్నాప్డ్ రెండూ 1886లో.

1887లో తండ్రి పోయాడు. అదే ఏడాది ఆగస్టులో కుటుంబంతో లడ్‌గేట్ హిల్ అనే ఓడలో అమెరికా బయల్దేరాడు. లగ్జరీ ఓడ అనుకుంటున్నారా? అందులో గుర్రాలు, కోతులు కూడా ఎక్కాయి. విపరీతమైన కుదుపులు, వాసన. తోటి ప్రయాణికులు కక్కుకుంటుంటే స్టీవెన్‌సన్ మాత్రం డెక్ మీద హాయిగా తిరిగాడు. అమెరికా దగ్గర పడ్డాక జలుబు చేసింది కానీ, అంతకు ముందు చాలా ఏళ్లుగా అంత ఆనందం తెలియదు ఆయనకు. సముద్రం తన ఒంటికి పడుతుందని అక్కడ గట్టిగా అనిపించింది.

ఆ చలికాలం న్యూయార్క్ రాష్ట్రంలోని శరానాక్ లేక్‌లో గడిపాడు. టీబీ వైద్యంలో పేరున్న డాక్టర్ ట్రూడో ఉండేది అక్కడే. గడ్డకట్టే చలిలో కూర్చుని దక్షిణ సముద్రాల మ్యాపులు చూసుకునేవాడు. తండ్రి ఆస్తిలో 3,000 పౌండ్లు వచ్చాయి. అందులో 2,000 పౌండ్ల దాకా ఈ ట్రిప్ మీద పెట్టేద్దాం అనుకున్నాడు. తిరిగి బాగుపడితే సరే, లేకపోతే డబ్బు పోయినట్టే. దీవుల గురించి ఉత్తరాలు రాసి పంపితే డబ్బులిస్తానని మెక్‌క్లూర్ అనే పత్రికల వ్యాపారి కూడా ముందుకొచ్చాడు.

పడవ ఓనరే డాక్టర్!

పడవ వెతికింది ఫ్యానీ. కాస్కో ఓనర్ శామ్యూల్ మెరిట్ స్వయంగా డాక్టర్, ఓక్లాండ్ మాజీ మేయర్. మొదట ఇవ్వడానికి వెనకాడాడు. చివరికి నెలకు 500 డాలర్లకు ఒప్పుకున్నాడు. కానీ తన కెప్టెనే నడపాలని కండిషన్. లోపల వెల్వెట్ కుషన్లు, అద్దాలు. పేషెంట్ ఉన్నాడు, ఓనర్ డాక్టరే.. కానీ పడవలో డాక్టర్ లేడు!

ఇప్పుడైతే పెద్ద క్రూజ్ షిప్పుల్లో డాక్టర్, నర్సులు ఉంటారు. జబ్బు ముందే చెప్పాలి, దానికి వర్తించే ఇన్సూరెన్స్ ఉందో లేదో చూసుకోవాలి. మందులు చెక్-ఇన్ లగేజీలో కాకుండా చేతి బ్యాగులో పెట్టుకోమంటారు. మన విశాఖలోనూ క్రూజ్ టెర్మినల్ వచ్చింది కాబట్టి బీపీ, షుగర్ ఉన్న అమ్మానాన్నలను తీసుకెళ్లాలనుకునే వాళ్లకు ఇవి పనికొస్తాయి. స్టీవెన్‌సన్‌కు ఉన్న వైద్యం అంతా ఫ్యానీ చేతిలోనే.

ఇక్కడే అసలు ట్విస్ట్. ఫ్యానీకి సముద్రం అస్సలు పడదు. పడవ ఊగితే చాలు, వాంతులే. అయినా ఎక్కింది. కొడుకు లాయిడ్, దాదాపు 60 ఏళ్ల అత్తగారు మార్గరెట్, పనిమనిషి.. అందరూ ఎక్కారు. అత్తగారు మాత్రం సూపర్, కెప్టెన్‌తో కూర్చుని పేకాట ఆడేసింది. ఆ కెప్టెన్ ట్రెజర్ ఐలాండ్ చదివాడట, కానీ అందులో ఓడ నడిపే సీన్లు ఆయనకు పెద్దగా నచ్చలేదట!

జులైలో మార్కెసాస్ దీవుల్లో నుకు హివా చేరారు. చావుకు సిద్ధం చేసిన మనిషి సముద్రంలో స్నానాలు చేస్తున్నాడు, ఒడ్డున గవ్వలు ఏరుకుంటున్నాడు. మంచం మీద బతికినవాడికి అది మామూలు విషయం కాదు.

ఒడ్డు మీదే దెబ్బ

అలా అని సముద్రం అద్భుతం చేసిందని అనుకోవద్దు. ఫకరావా దీవిలో పట్టిన జలుబు తాహితీ చేరేసరికి ముదిరింది. మళ్లీ రక్తం. పపీటీలో ఆయన బతుకుతాడో లేదో అన్న పరిస్థితి. అక్కడి గాలి పడట్లేదని ఫ్యానీ ఒక గుర్రపు బండి సంపాదించి, వాగులు దాటించి, తౌతీరా అనే పల్లెకు తీసుకెళ్లింది. అక్కడ మోయె అనే రాచకుటుంబపు మహిళ పచ్చి చేపను కొబ్బరి పాలు, నిమ్మరసంలో కలిపి తినిపించింది. ఊరి పెద్ద ఓరి తన ఇల్లు ఇచ్చాడు. ఈలోగా కాస్కో తెరచాప కొయ్యలు లోపల పుచ్చిపోయాయని బయటపడింది! తుఫానులో అవి విరిగి ఉంటే జబ్బుతో పని లేకుండానే అందరూ పోయేవాళ్లు. రిపేర్ అయ్యేదాకా వీళ్లను పోషించింది ఓరి కుటుంబమే. ఇద్దరూ పేర్లు మార్చుకుని అన్నదమ్ములయ్యారు.

1889 జనవరిలో హోనొలులు చేరి కాస్కోను వదిలేశారు. అమ్మ స్కాట్లాండ్‌కు వెళ్లిపోయింది. స్టీవెన్‌సన్ మాత్రం ఆగలేదు. ఈక్వేటర్ అనే సరుకుల పడవ ఎక్కి గిల్బర్ట్ దీవులు తిరిగి డిసెంబర్‌లో సమోవా చేరాడు. తర్వాత ఇంగ్లండ్ వెళ్దామనే ప్లాన్‌తో 1890లో సిడ్నీ వెళ్తే.. మళ్లీ మంచం.

అప్పుడు ఫ్యానీ రేవంతా తిరిగి జానెట్ నికోల్ అనే ఓడ పట్టింది. ఆడవాళ్లను ఎక్కించుకోం అన్నారట. వదల్లేదు. ఏప్రిల్‌లో ఆయన్ను దాదాపు మోసుకొచ్చి ఎక్కించారు. సముద్రంలోకి వెళ్లాక కోలుకున్నాడు. దారిలో కేబిన్‌లో బాణసంచా అంటుకుంటే, కాలుతున్న సామాన్లతో పాటు ఆయన రాతప్రతులున్న పెట్టెను కూడా సముద్రంలోకి విసిరేయబోయారు. ఆపింది మళ్లీ ఫ్యానీయే. ఆగస్టులో సిడ్నీకి తిరిగొచ్చాడు.. మళ్లీ జబ్బు!

లెక్క తేలిపోయింది. చల్లటి ఊళ్లు ఆయన్ను బతకనివ్వవు. అంటే స్కాట్లాండ్ ఇక లేనట్టే. సమోవాలో అప్పటికే కొన్న 300 ఎకరాలకు పైగా అడవిలో వైలీమా అనే ఇల్లు కట్టుకున్నాడు. గుర్రమెక్కాడు, పొదలు కొట్టాడు, స్థానిక రాజకీయాల్లో తెల్ల అధికారులతో గొడవ పెట్టుకున్నాడు. జైల్లో ఉన్న సమోవా నాయకులకు అండగా నిలబడ్డాడు. విడుదలయ్యాక వాళ్లు ఆయన ఇంటికి సొంత చేతులతో రోడ్డు వేశారు. అందరూ ఆయన్ను తుసితాలా అనేవాళ్లు. కథలు చెప్పేవాడు అని అర్థం. అంత దూరంలో కూర్చుని చివరగా రాస్తున్న నవల మాత్రం స్కాట్లాండ్ గురించే.

ఇంతకీ ఆయనకు నిజంగా టీబీయేనా? తర్వాతి కాలం డాక్టర్లలో చాలామందికి డౌటే. ఊపిరి గొట్టాలు వదులైపోయే బ్రాంకియెక్టాసిస్ అని కొందరు, రక్తనాళాలు సులువుగా చిట్లే వంశపారంపర్య జబ్బు అని ఇంకొందరు అంటారు.

1894 డిసెంబర్ 3 సాయంత్రం. ఫ్యానీకి వంటలో సాయం చేస్తూ ఒక్కసారిగా తల పట్టుకుని కుప్పకూలాడు. మెదడులో రక్తస్రావం. ఏళ్ల తరబడి భయపెట్టిన ఊపిరితిత్తులు కాదు, చంపింది తల. అప్పటికి 44 ఏళ్లు. కాస్కో ఎక్కి ఆరేళ్లు దాటింది. సమోవా జనం రాత్రికి రాత్రే అడవి నరికి వయేయా కొండ మీదికి దారి చేశారు. మర్నాడు శవపేటికను భుజాల మీద శిఖరానికి మోశారు.

ఫ్యానీ 1914లో కాలిఫోర్నియాలో చనిపోయింది. మరుసటి ఏడాది కూతురు ఆమె అస్థికలను ఓడలో సమోవాకు తీసుకెళ్లి, అదే కొండ మీద భర్త పక్కన ఉంచింది.