బంతి ఆగనివ్వని గురువు: జాన్ మెక్‌లెండన్

బాస్కెట్‌బాల్ వై.ఎం.సి.ఎ. ఇంట్లో పుట్టిన ఆట అని మన సంఘాల్లో పెద్దవాళ్లు చాలామందికి తెలుసు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ రెండు పండ్ల బుట్టలు పైకి బిగించి, పదమూడు నియమాలు రాసి కుర్రాళ్ల చేతికి బంతి ఇచ్చాడు. ఆయన వేదాంతం చదివినవాడు, తర్వాత ప్రెస్బిటేరియన్ సంఘంలో బోధకుడిగా అభిషేకం పొందినవాడు. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ మొదలుపెట్టిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల పేరు మన పాత డ్రిల్లు మాస్టర్ల నోట ఇప్పటికీ వినబడుతుంది. ఇదంతా తెలిసిన కథే. నైస్మిత్ దగ్గర ఆట మర్మం నేర్చుకున్న ఒక నల్లజాతి శిష్యుడి సంగతి మాత్రం మనలో తక్కువమందికే తెలుసు.

జాన్ మెక్‌లెండన్ 1915 ఏప్రిల్ 5న కాన్సాస్ రాష్ట్రంలోని హయవాత అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి నల్లజాతివాడు, తల్లి డెలావేర్ ఆదివాసి తెగకు చెందినది. కుర్రవాడికి బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో చేరాడు కానీ అక్కడి జట్టులో నల్లవాళ్లకు చోటు లేదు. చదువుకోవచ్చు, ఫీజు కట్టవచ్చు, కోర్టులో దిగడానికి మాత్రం వీల్లేదు. అప్పటికి డెబ్భై దాటిన నైస్మిత్ అక్కడే పాఠాలు చెబుతున్నాడు. మెక్‌లెండన్ నేరుగా ఆయన గదికి వెళ్లి, మీరే నాకు మార్గదర్శకులని మా నాన్న చెప్పి పంపాడన్నాడు. తండ్రి మాట కాదనకూడదు అన్నట్టుగా పెద్దాయన ఒప్పుకున్నాడు.

ఆ రోజుల్లో వ్యాయామ విద్య డిగ్రీకి ఈత తప్పనిసరి. మెక్‌లెండన్ ఈతకొలనులో దిగాడు. ఆయన బయటికి వచ్చాక అందులోని నీళ్లన్నీ తోడించేశారు! మన పల్లెల్లో బావి దగ్గర జరిగిన సంగతులు ఎరిగినవాళ్లకు దీని అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు. నైస్మిత్ శిష్యుడి పక్షాన నిలబడ్డాడు. మెక్‌లెండన్ పట్టు వదల్లేదు. చివరికి కొలను అందరికీ తెరిచారు. 1936లో ఆయన డిగ్రీ పుచ్చుకున్నాడు. ఒక్క ఆట కూడా ఆడనివ్వని విశ్వవిద్యాలయం నుంచి ఆటల గురువై బయటికొచ్చాడు.

ఆయన అక్కడ నేర్చుకున్నదేమిటో కాస్త వివరంగా చెప్పాలి. ఆ కాలపు బాస్కెట్‌బాల్ నిదానంగా సాగేది. బంతి పట్టుకుని మెల్లగా ముందుకు నడిచి, ఎవరి చోట వాళ్లు నిలబడి, గురువు గీసిన గీత ప్రకారం ఒకరికొకరు బంతి అందించుకునేవారు. కోర్టు సగం ఖాళీగానే ఉండేది. నైస్మిత్ దగ్గర మెక్‌లెండన్ పట్టుకున్న కీలకం వేరు. బంతి ఎక్కడుంటే ఆట అక్కడే ఉంది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కోర్టంతా మనదే. ప్రత్యర్థి చేతిలో బంతి ఉంటే వాళ్ల బుట్ట కిందే అడ్డుకోవాలి. రీబౌండ్ మన చేతికి చిక్కిన క్షణంలోనే పక్కకు పాస్ వెళ్లాలి, మధ్యలో ఒకడు, చెరో పక్కన ఒకడు పరుగెత్తాలి, ఆ వెనకాలే మిగతావాళ్లు రావాలి. ప్రత్యర్థులు కుదురుకోకముందే బంతి బుట్టలో పడాలి. దీన్నే ఫాస్ట్ బ్రేక్ అన్నారు.

ఎదుటివాళ్లు కుదురుకుంటే? దానికీ ఆయన దగ్గర ఉపాయం ఉంది. ఇద్దరు ఆటగాళ్లను కోర్టు రెండు మూలలకు పంపేవాడు. వాళ్లకు కాపలా కాసేవాళ్లు వెంట వెళ్లక తప్పదు. దాంతో బుట్ట ముందు చోటు ఖాళీ అయ్యేది. పాస్ ఇచ్చినవాడు నిలబడిపోకుండా ఆ ఖాళీలోకి దూసుకెళ్లి బంతి తిరిగి అందుకునేవాడు. బంతి లేని నలుగురి కదలికే బంతి ఉన్నవాడికి దారి చేస్తుంది. నేడు వృత్తి జట్లు మోషన్ అఫెన్స్ అని పిలిచే పద్ధతికి ఇదే ప్రాణం. ఇటువంటి ఆటకు ఊపిరి కావాలి. అందుకే ఆయన శిష్యులు బంతి ముట్టుకోకముందు మైళ్లకొద్దీ పరుగెత్తేవారు.

1940 నుంచి ఆయన డర్హమ్‌లోని నార్త్ కరోలినా నల్లజాతి కళాశాలకు ముఖ్య శిక్షకుడు. ఊరికి మరోవైపు తెల్లవాళ్ల డ్యూక్ విశ్వవిద్యాలయం. రెండు చోట్లా వై.ఎం.సి.ఎ. శాఖలున్నాయి. ఆ విద్యార్థులు కొందరు రహస్యంగా కలిసి ప్రార్థించుకునేవారు. కలిసి ప్రార్థించడానికి రహస్యమెందుకని అడిగితే అదీ ఆ కాలపు క్రైస్తవ్యం, ఏం చెప్పగలం! డ్యూక్ వైద్య విద్యార్థుల జట్టు గొప్పదా, మెక్‌లెండన్ జట్టు గొప్పదా అనే మాట అక్కడే పుట్టింది.

1944 మార్చి 12, ఆదివారం. ఊరంతా గుడిలో ఉండే వేళ చూసుకుని ఆట పెట్టుకున్నారు. పోలీసులూ ఆరాధనలోనే ఉంటారని లెక్క. డ్యూక్ కుర్రాళ్లు అడ్డదారుల్లో తిరిగి తిరిగి వచ్చి, తలల మీద కోట్లు కప్పుకుని జిమ్‌లోకి దూరారు. తలుపులకు తాళాలు పడ్డాయి. మొదట్లో రెండు పక్షాలకూ చేతులాడలేదు. భయం తగ్గాక నల్ల కుర్రాళ్లు పరుగందుకున్నారు. 88-44తో గెలిచారు. అంతటితో పోలేదు, కాసేపు ఆగి జట్లు కలిపేసి, నల్లవాళ్లు తెల్లవాళ్లు ఒకే పక్షాన మరో ఆట ఆడారు. ఆ తర్వాత హాస్టల్ గదిలో కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. సంగతి తెలిసిన నల్లజాతి విలేఖరి కూడా ఒక్క అక్షరం రాయలేదు. బయటపడితే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. అదే ఏడాది జూలైలో అదే ఊళ్లో బస్సులో సీటు విషయమై మాటామాటా పెరిగి, యూనిఫాంలో ఉన్న నల్లజాతి సైనికుణ్ణి డ్రైవరు కాల్చి చంపాడు. జ్యూరీ ఆ డ్రైవరును నిర్దోషి అంది. ఆట సంగతి లోకానికి తెలిసింది 1996లో, ఒక చరిత్రకారుడు రాసిన తర్వాతనే.

టెనెసీ ఎ అండ్ ఐ కళాశాలలో ఆయన 1957, 1958, 1959లో వరుసగా మూడుసార్లు ఎన్.ఎ.ఐ.ఎ. జాతీయ టైటిల్ గెలిచాడు. అంతకుముందు ఏ కళాశాలా వరుసగా మూడు జాతీయ టైటిళ్లు గెలవలేదు. మిగతా జట్లు దిగే హోటల్లోనే తన జట్టుకూ గదులివ్వాలని ఆయన పట్టుబట్టేవాడు.

1961లో క్లీవ్‌లాండ్ పైపర్స్ కొత్త వృత్తి లీగులో చేరడంతో, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఆడే వృత్తి బాస్కెట్‌బాల్ లీగులో మొదటి నల్లజాతి ముఖ్య శిక్షకుడయ్యాడు. ఆ పదవి ఆయన చేతిలో ఏడాది కూడా నిలవలేదు. యజమాని జార్జ్ స్టెయిన్‌బ్రెన్నర్ ఆటగాళ్ల జీతాలు ఆపితే ఆయన బహిరంగంగా నిరసించి రాజీనామా చేశాడు. ఇంత కష్టపడి సంపాదించిన స్థానాన్ని జీతాల గొడవకు వదులుకోవాలా అని అడిగేవాళ్లుంటారు. ఐదుగురినీ ఒకరికోసం ఒకరు పరుగెత్తమని నేర్పినవాడు ఆటగాళ్ల జీతం ఆగిపోయినప్పుడు చూస్తూ కూర్చోలేడని నాకనిపిస్తుంది. ఆ జట్టే ఆ సీజన్‌లో మరో శిక్షకుడి కింద లీగు గెలిచింది. 1969లో డెన్వర్ రాకెట్స్‌లో దొరికిన అవకాశమూ 28 ఆటలకే ముగిసింది.

ఆయన టెనెసీ శిష్యుడు డిక్ బార్నెట్ 1970లో న్యూయార్క్ నిక్స్ మొదటి ఎన్.బి.ఎ. టైటిల్ గెలిచినప్పుడు ఆ ఐదుగురిలో ఉన్నాడు. ఖాళీగా ఉన్నవాడికి బంతి అందించడమే ఆ జట్టు పేరు.

1979లో మెక్‌లెండన్‌ను హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, కానీ శిక్షకుడిగా కాదు, ఆటకు తోడ్పడిన వ్యక్తిగా. 1999 అక్టోబరు 8న కన్నుమూశాడు. శిక్షకుడిగా ఆయన పేరు అక్కడ చేరింది 2016లో. టెనెసీ జట్టుకు కూడా అక్కడ చోటు కావాలని బార్నెట్ ఏళ్ల తరబడి తిరిగాడు. అది 2019లో జరిగింది.