కొండల ఊరు కాండీని కెమెరాలో దాచిన లయొనెల్ వెండ్ట్

శ్రీలంక నడిబొడ్డున కాండీ నగరం ఉంది. సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తు. చుట్టూ పచ్చని కొండలు, మధ్యలో సరస్సు. గాలిలో ఎప్పుడూ తేమే. ఇప్పుడు అక్కడికెళ్లిన ప్రతి ఒక్కరూ ఫోన్ తీసి పది ఫోటోలు కొట్టేస్తారు. 1930లలో ఆ పని అంత తేలిక కాదు. తేమకు లెన్స్‌కి బూజు పట్టేది. కడిగిన ఫిల్ము ఓ పట్టాన ఆరేది కాదు. ఆ రోజుల్లోనే కాండీ కళాకారుల్ని, సింహళ పల్లెల్ని అందంగా ఫోటోల్లోకి ఎక్కించిన మనిషి లయొనెల్ వెండ్ట్.

కాండీతో మనకూ ఓ బంధం ఉంది. 1739 నుంచి 1815 దాకా ఆ రాజ్యాన్ని ఏలినవాళ్లు తెలుగు మూలాలున్న నాయక రాజులు. ఊరి మధ్యలోని సరస్సును తవ్వించింది వాళ్లలో చివరివాడు శ్రీ విక్రమ రాజసింహుడు. బ్రిటిష్ వాళ్లు ఆయన్ని బందీగా వేలూరు కోటకు తరలించారు. 1832లో అక్కడే చనిపోయాడు. అంతకుముందు 17వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు తీరం నుంచి వెళ్లగొట్టిన ముస్లింలకు తన రాజ్యంలో చోటిచ్చింది కూడా కాండీ రాజు సెనరత్తే.

వెండ్ట్ 1900 డిసెంబర్‌లో కొలంబోలో పుట్టారు. తండ్రి డచ్ మూలాలున్న బర్గర్, సుప్రీంకోర్టు జడ్జి. తల్లి సింహళీయురాలు. ఇరవై ఏళ్లు నిండకముందే ఇద్దరూ పోయారు. ఆ తర్వాత లండన్ వెళ్లి లా చదివారు, పియానో కూడా నేర్చుకున్నారు. తిరిగొచ్చి లాయర్‌గా మొదలుపెట్టారు గానీ మనసు అక్కడ నిలవలేదు. జడ్జి కొడుకు నల్లకోటు వదిలేసి సంగీతం వైపు, ఆ తర్వాత కెమెరా వైపు వెళ్లిపోయారు. 1929లో కొలంబోలో చిలీ దేశ కాన్సుల్‌గా ఉన్న కవి పాబ్లో నెరూడా ఆయనకు స్నేహితుడు.

ఫోటోగ్రఫీని గట్టిగా పట్టుకున్నది 1930ల మొదట్లో. కాండీ నాట్యగాళ్లంటే ఆయనకు ప్రాణం. ఇంగ్లిష్ చదువులు చదివిన కొలంబో పెద్దలు చాలామంది ఆ నాట్యాన్ని పల్లెటూరి వ్యవహారంగా చూసిన కాలమది. వెండ్ట్ మాత్రం వాళ్ల తలపాగా, ఒంటిపై ఆభరణాలు, చేతి కదలిక, మొహంలోని గౌరవం ఏదీ వదలకుండా తీశారు. జాలరులు, రైతులు, పాత శిథిలాలు కూడా ఆయన ఫోటోల్లో కనిపిస్తాయి. డార్క్‌రూమ్‌లో సోలరైజేషన్, ఫోటోమాంటేజ్ లాంటి ప్రయోగాలూ చేశారు.

1934లో బాసిల్ రైట్ తీసిన సాంగ్ ఆఫ్ సిలోన్ డాక్యుమెంటరీలో వినిపించే గొంతు వెండ్ట్‌దే. 17వ శతాబ్దంలో కాండీ రాజ్యంలో దాదాపు 19 ఏళ్లు బందీగా గడిపిన ఇంగ్లిష్ నావికుడు రాబర్ట్ నాక్స్ రాసిన పుస్తకంలోని మాటల్నే అందులో చదివారు. 1935లో బ్రస్సెల్స్‌లో ఆ సినిమాకు బహుమతి దక్కింది.

తనకొచ్చిన పేరుతో ఆయన సరిపెట్టుకోలేదు. కాండీలో పుట్టిన చిత్రకారుడు జార్జ్ కీట్ లాంటివాళ్లకు అండగా నిలిచారు. 1943 ఆగస్టులో కొత్త తరం చిత్రకారులు కొలంబోలోని ఆయన ఇంట్లోనే కూర్చుని ‘43 గ్రూప్’ పెట్టుకున్నారు. శ్రీలంక ఆధునిక చిత్రకళ చరిత్రలో అదో మైలురాయి.

మరుసటి ఏడాది డిసెంబర్‌లోనే వెండ్ట్ కన్నుమూశారు. వయసు 44. ఆ తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. ఆయన నెగెటివ్‌లను నాశనం చేసేశారు. ఏళ్ల తరబడి ఉక్కలో, వానలో తిరిగి తీసిన బొమ్మలకు అసలు మూలమే లేకుండా పోయింది. ఆయన స్వయంగా వేసిన ప్రింట్లు కొన్ని మిగిలాయి కాబట్టి మిత్రులు 1950లో లయొనెల్ వెండ్ట్స్ సిలోన్ అనే పుస్తకం తేగలిగారు. ఆయన ఇల్లున్న చోటే 1953లో ఆయన పేరుతో కళాకేంద్రం వచ్చింది. అక్కడ నేటికీ నాటకాలు, ప్రదర్శనలు జరుగుతున్నాయి.

మన ఇళ్లలోనూ దాదాల, నానీల కాలం ఫోటోలు ఇనప్పెట్టెల్లో చెమ్మపట్టి ఉంటాయి. ఈ వానాకాలం ముదరకముందే వాటిని బయటికి తీసి ఆరబెట్టండి. కాపీలు చేసుకుని, వెనకాల పేర్లు రాసిపెట్టండి. ఒకసారి పోతే మళ్లీ తీయడానికి ఆ మనుషులు ఉండరు.