మన మాటకు పుస్తకంలో చోటిచ్చిన బ్రౌన్ దొర



ఈ వార్షికోత్సవ సంచికకు ఒక పెద్దమనిషి జీవితం రాయమని సమాఖ్య వారు మమ్మల్ని అడిగారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. సంఘం లెక్కలు, నూలు చిట్టాలు రాసిన చెయ్యి ఇది. అందుకని తప్పులుంటే పెద్దలు మన్నించాలి. మేము రాస్తున్నది నేతవాడి గురించి కాదు, అసలు తెలుగువాడి గురించే కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అనే ఇంగ్లీషు దొర గురించి. ఆయన్నే ఎందుకు ఎంచుకున్నామో చివర చెబుతాము.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ గురువు, చాలా భాషలు నేర్చిన మనిషి. పిల్లవాడికి చిన్నప్పుడే తండ్రి దగ్గర నాలుగైదు భాషలు చెవిన పడ్డాయి. 1812లో తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండు వెళ్ళిపోయింది. అక్కడ కంపెనీ ఉద్యోగానికి చదువుకుని 1817లో మద్రాసులో ఓడ దిగారు. ఇక్కడ ఉద్యోగం చేసే దొరలు ఈ దేశపు భాష నేర్చి పరీక్ష ఇవ్వాలని నియమం. అలా మద్రాసు కోట కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర తెలుగు అక్షరాలు దిద్దారు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్ళు కూడా నిండలేదు.

1820లో కడప జిల్లాకు పంపారు. తరువాత మచిలీపట్నం, రాజమండ్రి, మళ్ళీ కడప, ఇలా తిరిగారు. పగలంతా కచేరీ పని. రైతు వస్తాడు, కోమటి వస్తాడు, నేతగాడు వస్తాడు. వాళ్ళు మాట్లాడే తెలుగు వేరు, పంతులు నేర్పిన పుస్తకాల తెలుగు వేరు. రెండూ నేర్వకపోతే పని జరగదని దొరకు తెలిసింది. చాలామంది దొరలు పరీక్ష అయ్యాక పుస్తకం మూసేశారు. ఈయన మాత్రం అప్పుడే తెరిచారు.

ఒక ఫ్రెంచి గురువు రాసిన పుస్తకంలో వేమన పేరు చూసి, ఆయన పద్యాల కోసం వెతకడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో వేమన పద్యం ఊరందరి నోట్లో ఉంది కానీ పండితుల బల్ల మీద లేదు. అది తక్కువ రకం కవిత్వమని వాళ్ళ లెక్క. బ్రౌన్ ఊరూరి నుంచి తాటాకు ప్రతులు తెప్పించారు. ఒక ప్రతిలో ఒక రకంగా, ఇంకో ప్రతిలో ఇంకో రకంగా ఉండేది. వాటిని పక్కపక్కన పెట్టించి, ఏది సరైనదో పండితుల చేత తేల్పించారు. మనం అచ్చు అతికేటప్పుడు పోగు వెంట పోగు చూసుకోమా, అట్లాంటి పని అది. 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అర్థంతో అచ్చయ్యాయి. 1839లో రెండోసారి వేసినప్పుడు ఆ లెక్క వెయ్యి దాటింది.

మా అమ్మ బడికి పోలేదు. రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతూ వేమన పద్యాలు చెప్పేది. ఆమెకు బ్రౌన్ ఎవరో తెలియదు. మా చిన్నప్పుడు బడి పుస్తకంలో అవే పద్యాలు చూసి, అమ్మ చెప్పేది పుస్తకంలోకి ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోయాము. ఎలా వచ్చిందో చాలా ఏళ్ళకు తెలిసింది.

కడపలో ఆయన ఒక బంగళా కొని, అందులో పండితులను పెట్టి పని చేయించారు. జూలూరి అప్పయ్య శాస్త్రి వంటి పెద్దలు అక్కడ పనిచేశారు. కొందరు నకళ్ళు రాసేవారు, కొందరు తప్పులు దిద్దేవారు, కొందరు అర్థం రాసేవారు. వీళ్ళందరికీ జీతం సర్కారు ఇవ్వలేదు. దొర తన జీతంలోంచి ఇచ్చారు, చాలక అప్పు చేసి ఇచ్చారు. కడపలో, మచిలీపట్నంలో పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడులు కూడా సొంత ఖర్చుతో నడిపారు. 1833 ప్రాంతంలో గుంటూరు సీమలో మహా కరవు వచ్చి లక్షల మంది పోయినప్పుడు ఆయన అక్కడ ఉద్యోగంలో ఉండి, ఆకలితో ఉన్న జనానికి చేతనైన సాయం చేశారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆయన కంపెనీ మనిషి. మన ముత్తాతలు నేసిన గుడ్డను ఓడలకెత్తి అమ్ముకున్నదీ ఆ కంపెనీయే, తరువాత ఇంగ్లండు మిల్లు నూలు, మిల్లు గుడ్డ వచ్చి మన మగ్గాల పొట్ట కొట్టిందీ వాళ్ళ పాలనలోనే. బ్రౌన్ గారు తెలుగు నేర్చింది కూడా మొదట ఆ పాలన కోసమే. మేము దండ వేసేది కంపెనీకి కాదు. ఆ కొలువులో ఉంటూనే, ఎవరూ అడగని పని ఒకటి నెత్తిన వేసుకుని బ్రతుకంతా చేసిన మనిషికి వేస్తున్నాము.

1834లో ఉద్యోగం పోయి లండను వెళ్ళారు. అక్కడా ఊరికే కూర్చోలేదు. కంపెనీ వారి గ్రంథాలయంలో దక్షిణాది తాటాకు గ్రంథాలు ఎవరూ విప్పకుండా పడి ఉండటం చూశారు. వాటిని మద్రాసుకు తిరిగి పంపించేలా చేశారు. మూడేళ్ళకు మళ్ళీ మద్రాసు వచ్చి, సర్కారు అనువాదకుడిగా, ఇంకా పెద్ద పదవుల్లో పనిచేశారు. మనుచరిత్ర, వసుచరిత్ర వంటి కావ్యాలకు పండితుల చేత వ్యాఖ్యానాలు రాయించి అచ్చు వేయించారు. పల్నాటి వీరచరిత్ర వంటి జనం పాడుకునే కథలను కూడా సేకరించారు. పండితుడు మెచ్చిందీ పామరుడు పాడిందీ రెండూ ఆయనకు తెలుగే. 1840లో తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో రాశారు. తాను కూడబెట్టిన సంస్కృత, తెలుగు గ్రంథాలు రెండు వేలకు పైగా మద్రాసులోని సాహిత్య సంఘానికి ఇచ్చేశారు. అవే తరువాత మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. అంటే తెలుగు పుస్తకాల మూట ఒకటి ఈనాటికీ మన తమిళనాడులోనే ఉంది. చెన్నపట్నం పోయే బంధువులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక నిఘంటువుల మాట. 1852 నుంచి 1854 లోపల మూడు పెద్ద పుస్తకాలు వచ్చాయి. ఒకటి తెలుగు నుంచి ఇంగ్లీషుకు, ఒకటి ఇంగ్లీషు నుంచి తెలుగుకు. మూడోది మిశ్రభాషా నిఘంటువు. మా వ్యాసం అంతా ఈ రెండు విషయాల కోసమే, మొదటి పుస్తకం, మూడో పుస్తకం.

మొదటి దాంట్లో కావ్యాల మాటలతో పాటు పొలంలో, అంగడిలో, వంటింట్లో, మగ్గం గుంటలో మాట్లాడే మాటలు కూడా పెట్టారు. మగ్గము ఉంది, పడుగు ఉంది, పేక ఉంది, నాడె ఉంది, కండె ఉంది. ఆ పుటలు మొదటిసారి చూసిన రోజు మాకు కళ్ళు చెమర్చాయి. మన చేతిపని మాటలకు పుస్తకంలో మర్యాద దొరికిందని అనిపించింది.

మూడో దాంట్లో ఉన్నవి శుద్ధమైన తెలుగు మాటలు కావు. కచేరీలో, వ్యాపారంలో జనం వాడే హిందుస్తానీ, పారశీకం, ఇంగ్లీషు వగైరా మాటలు. ఇవి పరాయివని పండితులు పక్కన పెడితే, జనం నోట ఉన్న మాట ఏదైనా దాని అర్థం తెలియాలి కదా అని దొర వాటికి విడిగా ఒక పుస్తకమే కట్టారు.

ఈ సంగతి మనలాంటి వాళ్ళకు ఎంత ఊరటో ఆలోచించండి. మా ఇంట్లో పిల్లలు మగ్గాన్ని తరి అంటారు, పడుగును పావు అంటారు, పేకను ఊడై అంటారు. కర్ణాటక బంధువుల తెలుగులో కన్నడం, మహారాష్ట్ర వారి తెలుగులో మరాఠీ, ఒడిశా వారి తెలుగులో ఒడియా కలుస్తాయి. ఆంధ్రా వైపు పెళ్ళికి పోతే మన మాట విని కొందరు ముసిముసిగా నవ్వుతారు. ఆ నవ్వుకు సిగ్గుపడి మన పిల్లలు తెలుగే మానేస్తున్నారు. సిగ్గుపడాల్సిన పని లేదు. పడుగు మనదే ఉంటే, పేకలో పక్కింటి రంగు పడినా గుడ్డ మనదే. కాకపోతే పడుగు తెగకూడదు.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా సంఘం పెట్టిన కొత్తలో పెద్దలు మినిట్సు, నూలు లెక్కలు తెలుగులోనే రాశారు. ఏ ఇంటికి ఎన్ని మగ్గాలు, ఎవరు ఏ అంచు నేసేవారు, ఏ రంగుకు ఏ పేరు, అన్నీ వాటిలో ఉండేవి. కొంత కాలానికి రాత తమిళంలోకి మారింది, అది అవసరమే. కానీ గది సున్నం వేసేటప్పుడు, చదివేవాళ్ళు ఎవరున్నారులే అని ఆ పాత పుస్తకాలు కొన్ని మేమే పాత కాగితాల వాడికి తూకానికి ఇచ్చేశాము. మిగిలినవి రెండు. వాటిలో ఒకదానికి చెదలు పట్టాయి. ఆ పుస్తకాల్లో ఉన్న అంచుల పేర్లు ఈ రోజు చెప్పగలవారు మా వీధిలో ఎవరూ లేరు. కలకత్తాలో పుట్టిన దొర అప్పు చేసి మన తాటాకులు కొన్నాడు. మేము మా తాతల చేతిరాతను కిలోల లెక్కన అమ్మేశాము. ఇది రాయడానికి చెయ్యి వణికింది. అయినా రాశాము, ఇంకో సంఘం వారు ఆ పని చేయకూడదని.

దొర కథ ముగించాలి. 1855లో ఈ దేశం విడిచి వెళ్ళారు. లండనులో కూడా తెలుగు వదలలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలో ఆయన ఉన్న బంగళా పాడుబడితే, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి చందాలు పోగుచేసి అక్కడ ఆయన పేరుతో గ్రంథాలయం నిలబెట్టారు. ఇప్పుడది యోగివేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ఏ వేమనను దొర వెతికి పట్టుకున్నారో, ఆ వేమన పేరే చివరికి ఆయన ఇంటికి నీడ అయింది.

బంధువులకు మా విన్నపం ఒక్కటే. ఒక్కో ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే మగ్గం మాటలు, అంచుల పేర్లు, రంగుల పేర్లు, పెళ్ళి పాటల పేర్లు రాయండి. తెలుగు లిపి రాని పిల్లలు తమిళంలోనో కన్నడంలోనో రాసినా సరే, ముందు మాట నిలవాలి. పక్కభాష మాట కలిసినా కొట్టివేయకండి, ఎక్కడి నుంచి వచ్చిందో పక్కన రాయండి. ఫోనులో గొంతు పట్టి ఉంచినా మంచిదే. దొరకు పండితుల జీతాలు కావలసి వచ్చాయి. మనకు మన అవ్వ పక్కన అరగంట కూర్చుంటే చాలు.

మా సంఘం తరఫున మిగిలిన ఆ రెండు పుస్తకాలకు ఫొటోలు తీయించాము. చెదలు తిన్న పుటలు కూడా వదలలేదు. వచ్చే వార్షికోత్సవానికి వాటిని సమాఖ్యకు అందజేస్తాము. మీ పుస్తకాలతో మీరూ రండి.