గురువర్యుడు షున్‌జి

సుమారు 2,300 సంవత్సరముల క్రిందట చైనాదేశము ఏడు ప్రధాన రాజ్యములుగా చీలి, ఎడతెగని యుద్ధములతో తల్లడిల్లుచుండెను. ఆ కల్లోలకాలమున జావ్ రాజ్యమునందు షున్‌జి జన్మించెను. ఇతని అసలు పేరు షున్ క్వాంగ్. 'జి' యనగా గురువు. అది లోకము గౌరవముతో ఒసగిన బిరుదము.

చీ రాజ్యమునకు రాజధానియగు లిన్‌జి నగరమున జీషియా యను విద్యాపీఠ ముండెడిది. నానారాజ్యముల పండితులు అచ్చట చేరి శాస్త్రచర్చలు సలుపుచుండెడివారు. షున్‌జి ఆ పండితసభలో మూడు పర్యాయములు అగ్రాసనము నలంకరించెను.

మానవుడు పుట్టుకతో మంచివాడా, చెడ్డవాడా యను ప్రశ్న ఆనాటి పండితులను కలవరపెట్టుచుండెను. షున్‌జికి ముందుతరమువాడగు మెన్షియస్, మానవస్వభావము మంచిదనియు, దయాబీజము ప్రతి హృదయమునందును కలదనియు బోధించెను. షున్‌జి దీని నంగీకరింపలేదు. ఆకలిగొన్నవాడు అన్నము కోరును; అలసినవాడు విశ్రాంతి కోరును; లాభమును చూచినవాడు అది తనకే దక్కవలెనని యాశించును. ఈ కోరికలను అదుపులేక విడిచినచో కలహములు తప్పవు. కావున పుట్టుకతో వచ్చిన స్వభావము చెడ్డదనియు, మంచితనము సాధనచే ఆర్జింపవలసినదనియు అతడు నిశ్చయించెను.

ఇది నిరాశను కలిగించు సిద్ధాంతమని తోచవచ్చును. కాని షున్‌జి నిరాశావాది కాడు. వంకరకొయ్యను ఆవిరిపట్టి బిగించినచో తిన్ననగును. మొద్దుబారిన లోహము సానపట్టినచో పదునెక్కును. అటులే గురుబోధయు, మర్యాదలును మానవుని తీర్చిదిద్దునని అతని మతము. వీధిలో నడచు సామాన్యుడు సైతము పట్టుదలతో అభ్యసించినచో, పూర్వకాలపు యూ చక్రవర్తివలె మహాత్ముడు కాగలడని అతడు విశ్వసించెను. అయితే చదువు చెవిలో దూరి నోటివెంట వెడలిపోరాదు, నడవడిలో నిలువవలెను. అతని పేర నిలిచిన గ్రంథమునందలి 32 అధ్యాయములలో మొదటిది విద్యాభ్యాసమును గూర్చినదే.

పిమ్మట అతడు చూ రాజ్యమున లాన్‌లింగ్ ప్రాంతమునకు అధికారి యయ్యెను. తన్ను ఆదరించిన మంత్రి క్రీ. పూ. 238లో హత్యకు గురియగుటతో ఆ పదవి పోయెను. అయినను అతడు ఆ చోటు విడువక, గ్రంథరచనలో శేషజీవితమును గడిపి, అచ్చటనే కన్నుమూసెను.

అతని శిష్యులలో హాన్ ఫే, లీ సీ అనువారు ప్రసిద్ధులు. లీ సీ చిన్ రాజ్యమున మంత్రియై, క్రీ. పూ. 221లో దేశమంతయు ఏకచ్ఛత్రము క్రిందికి వచ్చుటకు తోడ్పడెను. కాని క్రీ. పూ. 213లో అతని సలహాపైననే పూర్వుల గ్రంథములు అగ్నికి ఆహుతియయ్యెను. ఐదేండ్లకు అతడును రాజదండనమునకు గురియై ప్రాణములు కోల్పోయెను.

గ్రంథములను పూజించిన గురువునకు గ్రంథములను కాల్పించిన శిష్యుడు! గురువు ఎంతటివాడైనను, నేర్చిన విద్య నడవడిగా మారనినాడు మనుష్యుడు మారడు. షున్‌జి జీవితమంతయు బోధించిన ఈ సత్యమునకు అతని శిష్యుని చరిత్రమే సాక్ష్యమై నిలిచినది.