బాలవ్యాకరణం చేతబట్టి వాడుక భాషను నిలిపిన గిడుగు

శ్రీకాకుళం: తెలుగులో ఒక ఉత్తరం ముక్క రాయాలన్నా ముందు వ్యాకరణం వల్లె వేయాలని పండితులు శాసించిన రోజులవి. ఆ వ్యాకరణాన్నే క్షుణ్ణంగా చదివి, దాని ప్రకారం తప్పు లేకుండా రాయడం పండితులకే సాధ్యం కావడం లేదని రుజువు చేసిన మహనీయుడు మన జిల్లాలోనే పుట్టారు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

వంశధార ఒడ్డున, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో 1863లో ఆయన జన్మించారు. తండ్రి వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మ. 1875లో చోడవరంలో తండ్రి మరణించారు. అప్పటికి రామమూర్తి వయసు పన్నెండేళ్ళే. విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువు సాగించారు. అక్కడ గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది.

ముప్ఫై రూపాయల బడిపంతులు

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్ఫై రూపాయల జీతంపై చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడుగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పూర్తిచేశారు. ముఖలింగం గుడి గోడలమీది శాసనాలను చదవాలన్న పట్టుదలతో పుస్తకాలు తెప్పించుకుని పాత లిపులు తానే నేర్చుకున్నారు.

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండల్లో ఉండే సవరల సంగతి వేరు. వారి భాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, నేర్పే పుస్తకం అసలే లేదు. పంతులుగారు తెలుగు వచ్చిన సవర ఒకరిని ఇంట పెట్టుకుని, ఆయన నోట వింటూ మాట మాటా రాసుకున్నారు. కొండలెక్కి తిరిగారు. మన్యపు జ్వరాలకు వాడిన క్వినైన్ వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. అయినా వెనుకాడలేదు. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. ప్రభుత్వం వెయ్యి రూపాయల పారితోషికం ఇవ్వబోతే తాను పుచ్చుకోక, సవరల బడికి వినియోగించమన్నారు. 1913లో రావు సాహెబ్ బిరుదు లభించింది. సవర భాషా వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి.

ముందు జనం నోట భాష ఉంటుందనీ, దాన్ని విని పుస్తకం తయారుచేయాలనీ ఆయనకు తెలిసివచ్చింది ఈ సవర మిత్రుల వల్లనే.

సూరిగారి పుస్తకం

తెలుగు బడుల్లో జరుగుతున్నది దీనికి తలకిందులు. పరవస్తు చిన్నయసూరి రచించిన బాలవ్యాకరణం 1858లో వెలువడింది. పూర్వకవుల కావ్యభాషకు చిన్న చిన్న సూత్రాల్లో చక్కగా అమర్చిన గొప్ప గ్రంథం అది. సూరిగారి నీతిచంద్రిక 1853లోనే వచ్చింది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, వచనం రాసే ప్రతివారికీ ఇదే కొలబద్ద అన్నారు.

తమ్ముడు వచ్చాడు అని ఇంట్లో చెప్పే పిల్లవాడు బడిలో వచ్చెఁ దమ్ముఁడు అని రాయాలి. త అక్షరం ద ఎందుకయిందో, అరసున్న ఎక్కడ పెట్టాలో తెలియాలి. ర ఏదో, బండి ర ఏదో గుర్తుండాలి. సొంత ఊరి సంగతి నాలుగు వాక్యాలు రాయమంటే పిల్లవాడి బుర్రంతా అరసున్నల మీదే. చెప్పవలసిన విషయం మరుగునపడేది. బీద కుటుంబాల పిల్లలకు చదువు అందని పండే అయ్యేది.

ఉత్తరాది జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర తెలుగు నేర్చుకుంటూ ఇదే పట్టుకున్నారు. జనం మాట్లాడేదొకటి, బడిలో నేర్పేదొకటి ఎందుకని ఆయనకు సందేహం కలిగింది. విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు కలిసి వాడుక భాష ఉద్యమానికి పూనుకున్నారు. 1911లో ఉద్యోగం విరమించిన పంతులుగారు ఇక పూర్తికాలం దానికే అంకితమయ్యారు.

పండితులతో ఢీ

అదే 1911లో జయంతి రామయ్య పంతులు ప్రభృతులు ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించి గ్రాంథికం పక్షాన నిలిచారు. 1912-13లో స్కూలు ఫైనలు వ్యాసాన్ని ఏ భాషలోనైనా రాయవచ్చునని అనుమతి వచ్చింది గాని, అది ఎంతోకాలం నిలవలేదు. 1915లో గురజాడ కన్నుమూశారు. భారమంతా గిడుగు భుజాలమీద పడింది.

ఆయన పట్టిన ఆయుధం బాలవ్యాకరణమే. గ్రాంథికమే రాయాలనే పెద్దల పుస్తకాలు తీసి, ఏ పేజీలో ఏ సూత్రం తప్పారో వరసగా చూపించేవారు. 1916లో కొవ్వూరు సభలో పుస్తకాలు ముందేసుకుని గంటల తరబడి ఇదే నిరూపించారు. పూర్వకవుల ప్రయోగాల్లోనే సూత్రాలకు లొంగనివి ఏరి బాలకవి శరణ్యం రాశారు. పాత వచన గ్రంథాల నుంచి వాడుక మాటలు నడిచిన భాగాలు సేకరించి గద్యచింతామణి కూర్చారు.

కందుకూరి వీరేశలింగం పంతులు రచనల్లోని దోషాలను సైతం ఆయన ఎత్తిచూపారు. వీరేశలింగం ఆగ్రహించలేదు సరికదా, 1919లో రాజమండ్రిలో ఏర్పడిన వ్యావహారిక భాషా సమాజానికి అధ్యక్షులయ్యారు. గిడుగు కార్యదర్శి. ఆ ఏడే తెలుగు అనే మాసపత్రిక కూడా నడిపారు.

గిడుగు పాత కావ్యాలకు శత్రువు కారు. వాటిని ఆయనంత శ్రద్ధగా చదివినవారు అరుదు. పాత భాష చదివి అర్థం చేసుకోవాలి, రాయడం మాత్రం శిష్టులు మాట్లాడే నేటి భాషలో రాయాలి అన్నదే ఆయన వాదం. ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు రాయమని ఆయన ఏనాడూ చెప్పలేదు.

1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుక భాషపై నిషేధం ఎత్తివేసింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలవగా, పంతులుగారు అన్నేళ్ళ ఇల్లూవాకిలీ వదిలి రాజమండ్రి చేరారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో సత్కరించింది. 1940 జనవరి 22న మరణించారు.

బడి పుస్తకాలు పూర్తిగా వాడుక భాషకు మారడం ఆయన కళ్ళారా చూడలేదు. ఈనాడు కూలివాని బిడ్డ పరీక్షలో తమ్ముడు వచ్చాడు అని రాసి మార్కులు తెచ్చుకుంటున్నాడు. పంచాయతీ ఆఫీసుకు అర్జీ సొంత మాటల్లో రాసుకుంటున్నారు రైతులు. ఆ మార్పుకు పునాది వేసిన పంతులు ఈ వంశధార ఒడ్డువాడే.